పెద్ద బాబా బస్సు పాసు

పెద్ద బాబా పోయారు. మొన్న శుక్రవారం పొద్దున టమాటాలు తరుగుతుంటే ఫోన్ మోగింది. కువైట్ నుంచి వాయిస్ మెసేజ్. నేను ఎత్తుకుని పెంచిన ఆయన మనవరాలి గొంతు. ఏడుస్తూ అరబ్బీలో చెబుతోంది. మాట్లాడే అవసరం లేక ఆ భాష నాకు సగం మరుపొచ్చింది గాని, ఆ నాలుగు మాటలకు మరుపు అడ్డం రాలేదు. నిద్రలోనే పోయారట. తొంభై దాటిన మనిషి, మంచాన పడలేదు, ఎవరిచేతా చేయించుకోలేదు. మంచి చావు అన్నారు మా వీధిలోవాళ్లు. చావులో మంచేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కత్తిపీట పక్కకు జరిపి అక్కడే కూర్చుండిపోయాను.

ఆయన నీకేమవుతాడని అడిగారు. ఏం చెప్పను? రాయచోటి దగ్గర పల్లెలో పుట్టినదాన్ని. కువైట్‌లో జాబ్రియా అనే చోట ఒక ఇంట్లో వంటపని చేశాను. యజమానురాలిని మామా అనేదాన్ని, ఆమె భర్తను బాబా అనేదాన్ని. ఆ బాబాకు తండ్రి, పెద్ద బాబా. చుట్టరికం అంతే. మా నాయన పోయినప్పుడు కూడా నువ్వింత ఏడవలేదే అని మా అక్క దెప్పింది. దెప్పనీ.

పెద్ద బాబా బస్సుల కంపెనీలో పనిచేసి రిటైరయ్యారు. డిపోలో ఏ బస్సు ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పోయింది చూసే పని. రిటైరైనప్పుడు కంపెనీవాళ్లు ఆయనకు బతికినంతకాలం ఉచితంగా తిరగడానికి ఒక పాసు ఇచ్చారు. ఫోటో అతికించి, పైన దేశం గుర్తు వేసిన చిన్న అట్ట. దాన్ని మడమల దాకా దిగే తెల్ల దిష్‌దాషా చొక్కా జేబులో, సరిగ్గా గుండె మీద పెట్టుకునేవారు. ఆ వీధిలో ఇంటికి మూడు కార్లు. బస్సెక్కే కువైటీ ఆయనొక్కడే. మామాకు అది చాలా నామోషీగా ఉండేది. "మీ మామగారిని బస్టాపులో చూశాను" అని స్నేహితురాళ్లు ఫోన్ చేసిన రోజున వంటింట్లో గిన్నెలు ఎత్తేస్తూ నా మీద విసుక్కునేది.

ఆయన మాత్రం రోజూ మధ్యాహ్నం నమాజు అయ్యాక బస్సెక్కి ఎక్కడికో పోయి, టీ తాగి, ఇంకో బస్సులో తిరిగొచ్చేవారు. పని ఏమీ ఉండదు. డ్రైవరు వెనక సీటులోనే కూర్చుంటారు. డ్రైవర్లందరికీ ఆయన తెలుసు, ఎవరూ పాసు అడగరు. అయినా ఎక్కిన ప్రతిసారీ తీసి చూపిస్తారు. ఒకసారి నేను నవ్వితే, "చూపీకపోతే ఊరికే ఎక్కినట్టు అయితాది. చూపిస్తే హక్కుతో ఎక్కినట్టు" అన్నారు. ఆయన అన్నది అరబ్బీలోనే. కానీ ఇన్నేళ్లుగా ఆయన మాటలన్నీ నా చెవుల్లో మా ఊరి తెలుగులోనే మోగుతున్నాయి. అట్లాగే రాస్తున్నాను, తప్పైతే మన్నించండి.

దారి అడిగినవాళ్లకు దారి చెప్పడమంటే ఆయనకు పండగ. బంగ్లాదేశ్ కూలీ అయినా, సూటు వేసుకున్నవాడైనా, నడుస్తున్నవాడు నిలబడి ఏ బస్సు ఎక్కాలో, ఎక్కడ దిగాలో, దిగాక ఏ చేతివైపు తిరగాలో చెప్పి, అవతలి మనిషి తిరిగి అప్పజెప్పేదాకా వదిలేవారు కాదు. వఫ్రా తోటలకు పోవాల్సినవాడొకడు ఇంటి ముందు నిలబడి అడిగితే, నేను పెట్టిన టీ చల్లారిపోయింది. రెండోసారి కాచి తెస్తే, "వాడు మర్సిపోతాడేమో" అంటూ గేటు దాటి వాడితోపాటు బస్టాపుకే పోయారు.

నేను కువైట్ పోయేటప్పటికి నా కూతురికి ఏడాది నిండలేదు. పాలు మాన్పించి మా అక్క ఒళ్లో పెట్టి వచ్చాను. రాత్రిళ్లు పాలు పొంగి జాకెట్టు తడిసేది, ఆ తడి ఎవరికీ చూపించుకోలేక బాత్రూంలో పిండుకునేదాన్ని. ఇంట్లో ఈ సంగతి తెలిసింది పెద్ద బాబాకు ఒక్కరికే. నేనేమీ చెప్పలేదు. ముగ్గురు బిడ్డల్ని తల్లి లేకుండా పెంచినవారు కాబట్టి నా మొహం చూసి తెలుసుకుని ఉంటారు. అప్పటినుంచి నన్ను బింతీ అనేవారు. బిడ్డా అని అర్థం. వారానికొకసారి తప్పకుండా "పాప నడస్తాందా? మాట్లాడతాందా?" అని అడిగేవారు. నాకు ఉత్తరాల్లో తెలిసినదే ఆయనకు చెప్పేదాన్ని. నడుస్తోందట. మాట్లాడుతోందట. మా అక్కను అమ్మా అంటోందట. ఈ చివరిది మొదటిసారి చెప్పినప్పుడు ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "నువ్వు పోతే మార్తాదిలే" అన్నారు. అది మారుతుందా లేదా అన్నదే నాకు తిండి తినేటప్పుడు, బట్టలు ఉతికేటప్పుడు, నిద్రలో కూడా ఉండే దిగులు.

మూడేళ్లకు దగ్గరపడుతుండగా సెలవు దొరికింది. ఆ వేసవిలో మామావాళ్లు పిల్లలతో లండన్ పోయారు. పెద్ద బాబా అక్కడి చలికి తట్టుకోలేనని ఇంట్లోనే ఉండిపోయారు. నాకు ఆగస్టులో ఒక గురువారం పొద్దున బొంబాయి విమానానికి టికెట్ తీశారు. నేను పోయిన మర్నాడే వాళ్లు తిరిగి రావాలి. డ్రైవరు కూడా సెలవులో ఉన్నాడు. టాక్సీ పిలుస్తానంటే పెద్ద బాబా ఒప్పుకోలేదు. "జోబులో పాసు పెట్టుకోని టాక్సీ ఎక్కేదా? ఎయిర్‌పోర్టుకు నేనే తోడుకోని పోతా. విమానం మెట్లదాకా రానీరు గాని, రానిస్తే వస్తా" అన్నారు. ఆయన జన్మలో విమానం ఎక్కింది లేదు. కానీ ఎయిర్‌పోర్టు బస్సు ఎక్కడ ఆగుతుందో ఆయనకు తెలుసు, అది చాలు.

తెల్లవారి నమాజు అయ్యీ కాగానే బయల్దేరాం. నా పెట్టె ఆయన పట్టుకున్నారు. వద్దన్నా వినలేదు. బస్టాపులో నిలబడ్డప్పుడు ఊరివైపు నుంచి దభేల్ దభేల్‌మని చప్పుళ్లు వినబడుతున్నాయి. "మిలిటరీవాళ్లు ఏందో ఆటలాడతాండారు" అన్నారు. బస్సు వచ్చింది. ఈజిప్టు డ్రైవరు. లోపల నలుగురో అయిదుగురో ఉన్నారు. ఒకాయన ట్యాంకులు చూశానని అంటున్నాడు, ఎవరూ నమ్మడం లేదు. నేనైతే వినడం కూడా లేదు. మా పాప నన్ను చూసి ఏమంటుందో అదే ఆలోచన.

ఒక పెద్ద కూడలి దగ్గర బస్సు ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా నిజంగానే ట్యాంకు ఉంది. దుమ్ము కొట్టుకుపోయిన సైనికులు. డ్రైవరు చేతులు స్టీరింగు మీదే బిగుసుకుపోయాయి. పెద్ద బాబా మాత్రం, ఇదేదో తమ మిలిటరీవాళ్ల ఆటే అనుకుని, జేబులోంచి పాసు తీసి, నా పాస్‌పోర్టు కూడా తీసుకుని కిందికి దిగారు. నేనూ వెనకే దిగాను.

"నాయనా, ఈ పిల్ల విమానం పోతాది. బస్సుకు దారియ్యండి. నేను బస్సుల్లోనే పనిజేసి రిటైరైనోణ్ణి" అంటూ పాసు చూపించారు.

ఆ సైనికుడికి ఇరవై ఏళ్లు ఉంటాయేమో. పాసు తిరగేసి మరగేసి చూశాడు. కోపంగా కూడా లేడు. అలసిపోయి ఉన్నాడు. ఆయనకు పాసు తిరిగిచ్చేసి, "ఎయిర్‌పోర్టుకు ఎటు పోవాల?" అని అడిగాడు.

పెద్ద బాబా నోరు తెరిచారు. అలవాటు కదా. చెయ్యి కూడా సగం లేచింది. అప్పుడే ఆయనకు ఆ యాస చెవిన పడింది. అది సరిహద్దు దాటి, బస్రా అవతలి యాస అని తర్వాత చెప్పారు. ఈ ఊరి సైనికుడైతే ఎయిర్‌పోర్టు ఎటని ఎందుకు అడుగుతాడు? లేచిన చెయ్యి అట్లాగే ఆగి, మెల్లగా కిందికి దిగింది.

"నాకు తెలీదు" అన్నారు.

ఆయన నోట అబద్ధం వినడం నాకు అదే మొదలు. బస్సెక్కి, డ్రైవరు భుజం మీద చెయ్యి వేసి, "తిప్పు నాయనా" అన్నారు. దిగాక, పెట్టె మళ్లీ తనే మోస్తూ, "నిన్ను ఎయిర్‌పోర్టుకు తోడుకోని పోతానని మాటిచ్చినా. మర్సిపోను" అన్నారు. దేశం పోయిన రోజున ఆ ముసలాయన నాకు క్షమాపణ చెబుతున్నారు. నేను తలుపు తాళం తీశాను.

ఆ తర్వాత ఆ ఇంట్లో మేమిద్దరమే. మామావాళ్లు లండన్‌లో ఆగిపోయారు. ఫోన్లు లేవు. రొట్టెకు ఒక క్యూ, గ్యాసుకు ఒక క్యూ. గ్యారేజీలో ఉన్న మూడు కార్లనూ సైనికులు తాళాలు అడిగి మరీ తీసుకుపోయారు. ఊళ్లో బస్సుల్ని కూడా సరిహద్దు దాటిస్తున్నారని తెలిసిన రోజున పెద్ద బాబా అన్నం ముట్టలేదు. కార్లు పోయినప్పుడు ఆయన ఇంత బాధపడలేదు. కార్లకు కొత్త నంబర్లు, మనుషులకు కొత్త కార్డులు తీసుకోవాలని హుకుం వచ్చింది. పాత దేశం గుర్తు ఉన్న కాగితం దొరికితే ఏమవుతుందో వీధిలో అందరికీ తెలుసు. పక్క వీధిలో ఒక కుర్రాణ్ని పాత జెండా దొరికిందని తీసుకుపోయారు, మళ్లీ రాలేదు.

ఆ పాసు నాకివ్వండి, బియ్యం డబ్బాలో దాస్తానని ఎన్నిసార్లు బతిమాలానో. ఊహూఁ. "ముప్పై ఏండ్లు పనిజేసి తీసుకున్నా. బియ్యంలో పెట్టేదానికి కాదు" అనేవారు. ముసలివాళ్ల మొండితనం ఎట్లా ఉంటుందో మీకూ తెలుసు. కోపం వచ్చేది, మరుక్షణం ముద్దొచ్చేది.

ఎదురింట్లో పనిచేసే రాయచోటి అక్క ఒకరోజు పరుగెత్తుకుంటూ వచ్చింది. మనవాళ్లందరినీ ఒక స్కూలు దగ్గర చేర్చి, బస్సుల్లో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ దాకా తీసుకుపోతున్నారని, అక్కడి ఎయిర్‌పోర్టు నుంచి బొంబాయికి విమానాలు వేశారని చెప్పింది.

"ఏం మే, ఇంగా ఈడనే ఉండావు? అందరూ పోతాండారు. రేపు మేం గూడా పోతాండాం. నీ బిడ్డ మొగం చూడాలని లేదా నీకు?"

"ఈయప్పను ఒంటిగా ఇడిసిపెట్టి ఎట్ల పోదును అక్కా? ఉప్పు యాడుందో గూడా తెలీదు ఆయప్పకు."

"వాళ్ల దేశం, వాళ్ల ఇల్లు. నీకు యాలమ్మా?"

అక్క చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. అయినా నేను కదలలేకపోయాను. ఇటు చూస్తే ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియని మనిషి. అటు చూస్తే నన్ను అమ్మా అనని బిడ్డ. అక్కావాళ్లు వెళ్లిపోయారు. నేను ఉండిపోయాను. ఉండిపోయానే గాని ప్రతి పొద్దునా ఎవరో పేగు పట్టుకుని లాగుతున్నట్టే ఉండేది.

పెద్ద బాబా మూడు రోజులు నన్ను గమనించారు. నాలుగో రోజు నాకు చెప్పకుండా ఎండలో నడుచుకుంటూ ఆ స్కూలుకు పోయి, నా పేరు రాయించి వచ్చారు. చెమటతో బట్టలన్నీ తడిసిపోయాయి. నేను మజ్జిగ ఇస్తే తాగి, నన్ను ఎదురుగా కూర్చోమన్నారు.

"నా బిడ్డలు లండన్‌లో చల్లగా ఉండారు. వాళ్ల కోసం నేను ఏడ్సల్సిన పని లేదు. నీ బిడ్డ దగ్గిర ఎవురుండారు?"

"మా అక్క ఉంది పెద్ద బాబా."

"అక్క అక్కే. ఇంకొన్ని దినాలు పోతే అక్కే అమ్మ అయిపోతాది. ఆ మాట నీకూ తెలుసు. ఖలాస్. ఉప్పు యాడుందో చూపీయి, నేర్చుకుంటా."

ఆ సాయంత్రం ఆయనకు ఉప్పు, చక్కెర, బియ్యం, పప్పు అన్నీ చూపించాను. అన్నం వండటం నేర్పించాను. మొదటిసారి మాడగొట్టారు. మాడినదే ఇద్దరం తిన్నాం. ఆయన నవ్వుతున్నారు, నేను ఏడుస్తున్నాను, మాడు వాసన ఇల్లంతా నిండిపోయింది.

పోవాల్సిన రోజు వచ్చింది. స్కూలు దూరం. ఊళ్లో ఒకటో రెండో బస్సులు ఇంకా తిరుగుతున్నాయి. ఇస్త్రీ దిష్‌దాషా వేసుకున్నారు, పెట్టె పట్టుకున్నారు, బస్టాపులో నిలబడ్డాం. బస్సు ఆగింది. మలయాళీ డ్రైవరు. ముందు మెట్టు దగ్గరే ఇద్దరు సైనికులు, తుపాకులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

పెద్ద బాబా చెయ్యి చొక్కా జేబులోకి పోయింది. పాసు సగం బయటికొచ్చింది. డ్రైవరు దాన్ని చూశాడు, అతని పెదవుల్లో నెత్తురు ఇంకిపోయింది. వద్దని కళ్లతోనే బతిమాలాడు. సైనికుల్లో ఒకడు తల ఇటు తిప్పుతున్నాడు. నాకు తెలుసు ఈయన చూపిస్తారని. చూపించకుండా ఏ బస్సూ ఎక్కరు. కార్డు మార్చుకోలేదు, పాసు దాచుకోలేదు, ఇన్నాళ్లూ ఎవరు చెప్పినా వినలేదు.

పెద్ద బాబా వెనక్కి తిరిగి నన్ను చూశారు. పాసును వేళ్లతో మెల్లగా లోపలికి తోసేసి, పక్క జేబులోంచి ఆ కొత్త ప్రభుత్వం నోటు తీసి డ్రైవరు చేతిలో పెట్టారు.

"రెండు టికెట్లు" అన్నారు.

ఎప్పుడూ కూర్చునే సీటులో కూర్చోలేదు. వెనక్కి పోయి, చివరి వరసలో నా పక్కన కూర్చుని, టికెట్టును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నారు. నాకు దుఃఖం ఆగలేదు. చాలాసేపటికి నా వైపు వంగి చెవిలో, "నేనొక్కణ్ణే అయ్యుంటే చూపిచ్చేవాణ్ణే" అన్నారు. నాకు తెలుసు పెద్ద బాబా అన్నాను. నా ఒక్కదాని కోసం ఆయన ఆ రోజు ఏం వదులుకున్నారో నాకు అప్పుడే తెలుసు. నా సొంతవాళ్లు నా కోసం అంత వదులుకోలేదు. ఇది రాయడానికి నాకేమీ మొహమాటం లేదు.

ఎడారి దారి గురించి, సరిహద్దులో గుడారాల గురించి మా జిల్లాలో ఇంటింటికీ ఒక కథ ఉంది, నాది వేరే చెప్పక్కర్లేదు. ఎట్లాగో జోర్డాన్ ఎయిర్‌పోర్టు చేరాను, బొంబాయి చేరాను, ఇల్లు చేరాను. యుద్ధం అయిపోయింది. మామావాళ్లు తిరిగొచ్చారని, పెద్ద బాబా బాగున్నారని ఉత్తరం వచ్చింది. ఏడాది దాటాక మళ్లీ వీసా పంపారు. ఇంటి సంగతులు బయట చెప్పుకునేవి కావు, పాపను మళ్లీ అక్క దగ్గర వదిలి బయల్దేరాను.

కువైట్ ఎయిర్‌పోర్టులో గోడలకు ఇంకా కొత్త సున్నం వాసన. బయటికొస్తే, మామా పంపిన కారు, కొత్త డ్రైవరు ఉన్నారు. ఆ పక్కనే, చేతికర్రతో పెద్ద బాబా. కారు వస్తుందని తెలిసీ ఆయన విడిగా బస్సులో వచ్చారట. డ్రైవరు తల గోక్కుంటున్నాడు. "నువ్వు పెట్టె తీసుకోని పో. మేం బస్సులో వస్తాం" అని వాణ్ని పంపించేశారు. బాగా చిక్కిపోయారు. నా చేతిసంచీ లాక్కుని ముందు నడిచారు.

బస్సెక్కాక డ్రైవరు వెనక సీటులో కూర్చున్నాం. ఊపిరి తీసుకోనివ్వకుండా అడిగారు.

"పాప గుర్తుపట్టిందా?"

అన్నం వండుకున్నారా, ఆ రోజుల్లో ఎట్లా బతికారు అని నేనడగాలనుకుంటే, ఆయనే ముందు అడిగేశారు. ఆయనతో అబద్ధం చెప్పలేను.

"లేదు పెద్ద బాబా. మా అక్క ఎనక దాక్కునింది. శానా దినాలు నా దగ్గిరికి రాలే. అన్నం పెడితే తినేది గాదు."

"ఆమైన?"

"ఆమైన మెల్లగా వచ్చింది. ఒకదినం జొరమొచ్చింది. రాత్రంతా నా ఒళ్లోనే పండుకునింది. తెల్లారి 'అమ్మా, నీళ్లు' అనింది."

పెద్ద బాబా మొహం ఎంత వెలిగిపోయిందో చెప్పలేను. తన దేశం తిరిగొచ్చిన రోజున కూడా అంత సంతోషపడి ఉండరు. కర్ర ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ పైకెత్తి దేవుడికి దండం పెట్టుకున్నారు. తర్వాత ఆ చేతులు దించుతూ దించుతూ నా వైపు తిరిగారు. వెలుగు ఇంకా మొహంలో ఉండగానే అడిగారు.

"మరి ఎందుకొచ్చినావు బింతీ?"

ఊళ్లో ఎవరడిగినా ఏదో ఒకటి చెప్పేదాన్ని. కిటికీ వైపు తిరిగాను. ఆయన నా చేతిసంచీని ఒళ్లోకి తీసుకుని, దాని మీద రెండు చేతులూ వేసుకుని కూర్చున్నారు. ఇవ్వండి, బరువుగా ఉంటుంది అంటే వినిపించుకోలేదు. జాబ్రియా వచ్చేదాకా అట్లాగే పట్టుకున్నారు.